రెండు ఎరుపులు

కుడిపక్కది కుళ్ళాయప్ప మామ కొనిచ్చింది.
ఎడమది నేనే తెచ్చుకున్నా,
బెంగుళూరులో మూతపడిన ఏదో కాల్ సెంటర్ సామాను వేలంలో.
దుప్పటి చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని.
కండక్టరు లగేజీ టికెట్ కొట్టబోయి
నా మొకం చూసి ఊరుకున్నాడు.
దాని వీపు మీద స్టిక్కరు ఇంకా ఊడలేదు:
సీటు పదిహేడు. బల్ల మీద నీళ్ళు పెట్టరాదు.
పదిహేడులో ఎవరు కూర్చునేటోళ్ళో,
ఏ దేశం తిట్లు తినేటోళ్ళో.

కింద గుంతమగ్గాలు, పైన నేను.
ఓబుళమ్మ పలక తొక్కినప్పుడల్లా
నా బల్ల మీద గ్లాసులో టీ వణుకుతుంది.

కుడిది కూలి తెర, ఎడమది కులాసా తెర.
నేను పెట్టుకున్న పేర్లు.

కూలి తెరలో అన్నీ గళ్ళు. ఒక గడి, ఒక పోగు.
మూడు రోజులుగా అన్నపక్షి మెడ దగ్గరే
గింగిర్లు కొడుతున్నా.
కులాసా తెరలో మ్యాచ్,
లేదంటే సౌండు తీసేసిన పాత సినిమా,
లేదంటే ఏదో మంచు కొండల్లో ఒకాయన
నోరు మెదపకుండా కొయ్య గుడిసె కట్టుకునే వీడియో.
ఆయన దుంగ చెక్కుతాడు, నేను ఈక పెడతా.
ఆయనకి చలి. నాకు ధర్మవరం మే నెల.

తెరలు రెండింటి నడుమ రెండు వేళ్ళ సందు.
మౌసు బాణం ఇక్కడ మునిగి అక్కడ తేలుతుంది.
ఆ సందులో అది ఏమవుతుందక్కా
అని పార్వతక్క కొడుకు అడిగినాడు.
వంగి చూసినా.
గోడ. పెచ్చులూడిన సున్నం. ఒక బల్లి.
"బల్లి మింగి, ఆ పక్కన ఉమ్ముతాదిరా."
వాడు నమ్మినాడు. నేనూ సగం.

కరెంటు పోతే యూపీఎస్ ఒక్కదానికే.
ఏది ఆరిపోవాలో వైర్లలో ముందే రాసిపెట్టి ఉంది.
పోయినేడు ఒక రాత్రి, ఆఖరి ఓవరు,
బంతి ఇంకా గాల్లో ఉండగానే ఎడమది నల్లబడింది.
అందులో నేను, బొరుగులు నములుతా.
కుడిదాంట్లో నెమలి మాత్రం
కూలికి ఒంటికాలి మీద నిలబడే ఉంది.

ఇంకో తంటా రంగు.
కుడిదాంట్లో ఎరుపు కుంకుమ.
అదే ఎరుపు ఎడమకి లాగితే ఇటుక.
అంచు సగమిక్కడ సగమక్కడ పరిస్తే
ఒకే కడుపున పుట్టి మాట్లాడుకోని అక్కాచెల్లెళ్ళు.
ఉన్న మీటలన్నీ నొక్కినా.
షావుకారు ఫోన్లో చూసినాడు, ఆయనకి కనపడింది మూడో ఎరుపు.
"బలే ఉండాది, ఏసెయ్" అన్నాడు.

ఓబుళమ్మ మెట్లెక్కి వచ్చింది
మోకాలి మీద చెయ్యానించుకుంటా.
రెండు తెరలూ చూసింది. స్కోరెంతని అడిగింది.
ఒడిలోంచి పట్టు చిలప తీసింది,
అద్దకం పొద్దున్నే ఆరింది, ఇంకా గంజి వాసన,
ఆ రెండు వేళ్ళ సందులో మేకుకి తగిలించింది.

కుంకుమ కాదు. ఇటుకా కాదు.

"రంగు పగటేల సూడాల, అమ్మీ. దీపాల్లో గాదు."

పోతా పోతా గడప దగ్గర ఆగింది.
"పోయినేటి నెమలి కంటికింద ఒక పోగు ఎక్కువేసినావు.
నాలుగు మగ్గాలు, పద్నాలుగు చీరలు నేసినాం.
అన్నిట్లోనూ ఏడుస్తానే ఉండాది.
ఆ పొద్దు మనోళ్ళు ఓడిపోయినారా ఏం?"

నాకు తెలీదు.
కరెంటు వచ్చేసరికి అంతా అయిపోయి
ఎవరో సబ్బు అమ్ముతున్నారు.

ఆ రాత్రి పాత ఫైలు తెరిచి గళ్ళు పెద్దవి చేసి వెతికినా.
ఉంది.
తుడుపు రబ్బరు దాని మీద పెట్టి
గుడిసె ఆయన తలుపు బిగించేంతవరకూ చూస్తా కూర్చున్నా.
తలుపు సరిగ్గా పట్టలేదు. మళ్ళీ చెక్కినాడు.
ఫైలు అట్లే మూసేసినా.

చిలప ఇంకా మేకుకే ఉంది.
బల్లి యాడికో పోయింది.
కూలికీ కులాసాకీ నడుమ
బాణం ఇప్పుడు పట్టులోంచి దాటుతాది.