తలకొట్టిన గ్లాసు

సురామిలో, రోడ్డు మలుపు దగ్గర మా మట్టి పొయ్యి.
లారీలు ఆగుతాయి, బస్సులు ఆగుతాయి,
ఎండుద్రాక్ష వేసిన నజూకి రొట్టె కొనుక్కుని
వేళ్ళు కాల్చుకుంటూ వెళ్ళిపోతారు.

మొన్న టిబిలిసి హోటలు వాళ్ళు కబురుపెట్టారు:
రోజుకు రెండు వందల రొట్టెలు కావాలట,
అన్నీ ఒక్కలాగే ఉండాలట,
లెక్క గ్రాముల్లో రాసి పంపాలట.

మా జుజునా అమ్మమ్మకు గ్రాములతో పరిచయం లేదు.
ఆమెకున్నది ఒక పలకల గ్లాసు,
సోవియట్ కాలం నాటిది,
అంచున పంటిగాటంత పెచ్చు ఊడినది.

కొత్త త్రాసు మీద ఆ గ్లాసు పెట్టి
మీట నొక్కితే సున్నా చూపించింది.
"ఇన్నేళ్ళ గ్లాసుని పట్టుకుని సున్నా అంటుందేమే!"
ఆమెకు కోపమొచ్చింది.

పిండి పోసింది. నూట నలభై ఎనిమిది.
మళ్ళీ పోసింది. నూట అరవై మూడు.
"అదే గ్లాసు కదా?"
"అదే గ్లాసే."
మూడోసారి బల్లకేసి తట్టింది,
దిగిన చోట ఇంకొంచెం పోసి
అరచేత్తో తలకొట్టింది: నూట డెబ్భై ఒకటి.
"వాన కదా, పిండి తేమ తాగుంటుంది" అంది,
తాగొచ్చిన చుట్టాన్ని వెనకేసుకొచ్చినట్టు.

తేనె మాత్రం గ్లాసుకు మూడు వందల యాభై.
పిండికి రెట్టింపు పైమాటే.
"అది చెప్పడానికి త్రాసెందుకు,
డబ్బా మోసినవాణ్ణడుగు."
దాల్చినచెక్క పొడి దగ్గర
తలుపు మూసి, ఊపిరి బిగబట్టి
అంకె కదలకుండా రాసుకున్నాను.

సాయంత్రానికి కాగితం నిండా
కొట్టివేతలు, సగటు లెక్కలు, వెన్న మరకలు.
ఉప్పు మిగిలింది.

ఉప్పుకు గ్లాసు లేదు. పిడికెడు.
పిడికిలి తెచ్చి త్రాసు మీద విప్పింది:
ముప్పై ఒకటి.
మళ్ళీ తెమ్మన్నాను. ముప్పై ఒకటి.
నమ్మలేక ఇంకోసారి. ముప్పై ఒకటి.
పద్నాలుగు గ్లాసుల పిండికి, నలభై ఏళ్ళుగా.

నేనూ తీసి చూశాను: నలభై ఆరు.

నిరుడు నేను కలిపిన మొదటి వాయి
లారీ డ్రైవరు గోచా కొరికి, ఉమ్మేసి,
మాట్లాడకుండా నీళ్ళడిగాడు.
ఎక్కడ తప్పానో తెలియక ఏడుస్తుంటే
అమ్మమ్మ కుడిచెయ్యి ఆప్రాను జేబులో దాచుకుంది.
పెళ్ళికి ముందు ఒజుర్గెతి తేయాకు ఫ్యాక్టరీలో
రోలర్లు చిటికెన వేలూ, దాని పక్క వేలూ
ఉంచేసుకున్న చెయ్యి.

హోటలుకు ముప్పై ఒకటని రాసి పంపాను.

తెల్లవారి నాలుగింటికి
త్రాసు ఇంకా గుడ్డ కిందే ఉంది.
ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి
రెండు వేళ్ళు మడిచాను.