బయానా

షెడ్డులో రెండు పడవలు.
రెండూ నా పెళ్లి కంటే పాతవి.

మొదటిది సన్నటిది, పందేలది.
పక్కన ఇంకా నంబరు స్టిక్కరు మచ్చ.
కూర్చోడానికి చోటంటూ లేదు,
అంచు మీంచి నీళ్ల పైకి వెనక్కి వేలాడాలి,
సంజీవయ్య పార్కు వైపు నుంచి జులై గాలి కొడితే
పొట్టకండలతోనే దాన్ని నిలబెట్టాలి.
నా మోకాలు అప్పుడే కాదంది.

రెండోది వెడల్పు.
చెక్క బల్లలు, టిఫిను డబ్బాకో గూడు,
బొంతలా అతుకులేసిన తెరచాప,
నడుం వాలిస్తే పట్టేంత నీడ.
దూర ప్రయాణాలకి కట్టిందట.
"హుస్సేన్ సాగర్ల దూరమెక్కడిది సార్?" నవ్వాడు గౌస్.
"బుద్ధుని సుట్టు తిరిగొస్తే అయిపాయె."

లాలాగూడలో ముప్పై ఆరేళ్లు
రైలు చక్రాలని సుత్తితో కొట్టి విన్నవాణ్ణి.
ఖంగుమంటే బండి పోతుంది.
మొద్దుగా పలికితే ఆగుతుంది.

వేలికణుపుతో కొట్టాను.
పందెం పడవ, ముక్కు నుంచి చుక్కాని దాకా
ఖాళీ ఇత్తడి బిందె.
రెండోది మూడు చోట్ల బాగానే పలికి
ఎడమ పక్క, నీటిగీత కింద,
మాట మింగేసింది.

గౌస్ తన చెప్పులు చూసుకున్నాడు.

సర్వీసులో ఉంటే
సుద్దముక్కతో గుర్తుపెట్టి పక్క లైనుకి తోయించేవాణ్ణి.

రెండోదానికే బయానా ఇచ్చాను.
అయిదొందలు తగ్గించమని కూడా అడగలేదు.
ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆపితే
వేలికణుపు మీద ఇంకా ఆ చోటు,
చల్లగా,
కొంచెం తడిగా.