తరుగు

ఏప్రిల్ పదకొండు, పొద్దుగాల ఏడున్నర.
మిర్యాలగూడ బైపాస్ మీద వడ్ల ట్రాక్టర్లు
రెండు కిలోమీటర్ల దాక నిలవడ్డయి.
మిల్లు గేటు కాడ వాచ్‌మన్ మల్సూరు
నా మొకం దిక్కు చూడకుంట చెప్పిండు:
"నిన్ను లోపల్కి రానియ్యొద్దన్నరే అన్నా."

పంతొమ్మిదేండ్లు కాంటా కాడ కూసున్నోన్ని.
కండ్లద్దాలు లోపల్నే ఉన్నయి, సొరుగుల.

కాయిదం లేదు. నెల ముందుగాల ఒక మాట లేదు.
ఫోన్ల సేటు ఒక్కటే అన్నడు:
"నమ్మకం పోయింది, జానయ్యా."

ఏ కాంటా మీద పెట్టి చూసిండో.
నిండు బండి ఎంత, ఖాళీ బండి ఎంత,
రెంటికీ నడుమ సరుకెంత,
దేనికైనా చీటీ ఉండాలె గద.
నా పంతొమ్మిదేండ్ల కొలువుల
చీటీ లేకుంట గేటు దాటిన బరువు
ఇదొక్కటే.

నల్లగొండ లేబర్ ఆఫీసుకు పదమూడు మెట్లు.
వాయిదాకోపారి లెక్కవెట్టిన.
వకీలు సుభాషిణమ్మ పెన్ను మూత పండ్లతోని తీసి
రాసుకుంట చెప్పింది:
నోటీసు ఇయ్యనందుకు నెల జీతం,
చేసిన ఏడాదికి పదిహేను రోజుల లెక్క,
తీసేసిన నాటి సంది రావాల్సిన పాత జీతం.

పంతొమ్మిది పదిహేన్లు నోట్లనే గుణించిన.
రెండొందల ఎనభై అయిదు.
ఏడాదిల మిగిలిన రోజులు ఏడ వోయినయమ్మా
అని అడగబోయి ఊకున్న.
చట్టం ఆమె చేసింది కాదు.
"కండ్లద్దాలు?" అన్న.
"దానికి సెక్షన్ లేదు" అని నవ్వింది,
మల్ల నవ్వినందుకు తల వంచుకున్నది.

ఆరో వాయిదా నాడు
సేటు తరఫు వకీలు ఒక పొటువ పెట్టిండు బల్ల మీద.
సాగర్ రోడ్డు, తోపుడు బండి, జామకాయలు.
బండి ఎనుక నేను.
"ఈయన ఖాళీగ లేడు సార్,
రోజుకు మూడొందలు తక్కువ కాకుంట సంపాయిస్తుండు.
పాత జీతంలకెల్లి అది తీసెయ్యాలె."

పొటువల ఒక పిలగానికి కాయ కోసి
ఉప్పుకారం అద్ది ఇస్తున్న. నవ్వుతున్న గూడ.
మంచి పొటువ.
మా ఇంట్ల నాది అసొంటిదొక్కటి లేదు.

బండి తొయ్యకుంటేనో,
పని ఎందుకు ఎతుక్కోలేదని అడుగుదురంట.
తోస్తే కోత. తొయ్యకుంటే తప్పు.
పస్తులున్నట్టు రుజువు తెమ్మంటే
మా ఆడిమనిషి సోమలచ్చి
ఖాళీ ఉప్పుడు బియ్యం సంచి దులిపి చూపియ్యాల్నా?

కోర్టుల ఒక మాట చెప్పలేదు నేను.
ఎవలూ అడగలేదు.

తేమ అని, తాలు అని,
క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీసిన చెయ్యి ఇదే.
పెద్దవూర దిక్కు రైతు ఒకాయన
దోసిట్ల వడ్లు పట్టుకొచ్చి, ఒక గింజ కొరికి వినిపిచ్చిండు.
టక్కుమన్నది.
"ఇంకెంత ఎండాలె బిడ్డా?" అన్నడు.
"సేటు చెప్పిండు" అన్న,
ఆయన మొకం దిక్కు చూడకుంట.
ఆ టక్కుమన్న చప్పుడు
గిప్పుడిప్పుడు రాత్రిపూట ఇనవడుతున్నది.

తీర్పు ఇంకా రాలే.
సర్టిఫికెట్ మాత్రం ఇప్పిచ్చిన్రు, ఒకటిన్నర లైను:
ఈయన మా వద్ద పనిచేసెను.
ప్రవర్తన అని రాసిన కాడ ఒక గీత.
పంతొమ్మిదేండ్లకు గీత ఎంత పొడుగుండాలెనో
ఏలుతోని కొలిచి చూసిన. గోరంత.

కండ్లద్దాలు లేక తరాజు ముల్లు సక్కగ కానరాదు.
అందుకేనో, ఇంకెందుకో,
కిలోకు ఒక కాయ కొసరేస్తున్న.

ఈ సంగతి వకీలమ్మకు చెప్పాలె యాదికుంటే.
సంపాదనలకెల్లి
ఆ కాయ గూడ తీసెయ్యమని.