నాలుగు వేళ్ళు

ఉదయగిరి దుర్గంలో కచేరీ సావడికి
తివాచీ పరిచేవాణ్ణి, తురిమెళ్ళ పెంచలయ్యని.
చదువు రాదు. మూర తెలుసు, జాన తెలుసు, బెత్తెడు తెలుసు.
గద్దెకి ఎన్ని మూరల్లో ఎవరు కూర్చుంటారో చూసి
ఏ రాజ్యం ఎంతదో చెప్పేస్తాను.

చంద్రగిరి స్థానాపతి అన్నంభట్టు దిగిన రాత్రే
ఆయన మనిషి చీకట్లో వచ్చాడు.
"మా చాప నాలుగు వేళ్ళు ముందుకు జరుపు" అని
చేతిలో మాడ పెట్టాడు.
కోడి కూయకముందే
గోలకొండ హేజీబు మీర్ ఫసీహ్ గారి నౌకరు.
అతనిదీ అదే మాట, నాలుగు వేళ్ళే.
హొన్ను మాత్రం కాస్త బరువు.
రెండూ పుచ్చుకున్నా. పిల్లలు గలవాణ్ణి.

తెల్లారి రెండు చాపలూ నాలుగేసి వేళ్ళు జరిపా.
అంటే ఎవరూ ఎవరికీ ముందు కాలేదు.
తగ్గిందల్లా మా దుర్గాధిపతే,
నాలుగు వేళ్ళ మేర.
ఆ సంగతి ఆయనకి ఇప్పటికీ తెలీదు.

ఇద్దరూ వచ్చారు. చూశారు. కూర్చోలేదు.
భట్టుగారన్నారు:
"ఈ ఒళ్ళు నాది కాదు, మోకాలినొప్పి ఒక్కటే నాది.
నేను వెనక కూర్చుంటే రాయలు వెనక కూర్చున్నట్టే."
మీరుగారికి తెలుగు బాగా వచ్చు.
అయినా దుబాసీ చెప్పేదాకా ఆగి
అప్పుడు కోపం తెచ్చుకున్నారు.

ప్రళయకావేరి నించి వలందా దొర ఒకడు,
జోళ్ళు విప్పడంట, కుర్చీ లేనిదే కూర్చోడంట.
మీ రాజెవరయ్యా అంటే
మాకు రాజు లేడు, వర్తకుల సభ ఉంది అన్నాడు.
సావడంతా నా వైపు చూసింది.
రాజు లేనోణ్ణి యాడ కూర్చోబెట్టేది?
నా మూరకి అందలా.
వాకిట్లోనే నిలబడ్డాడు, టోపీ కింద చెమటలు కక్కుతా.

ఎండ కొండెక్కింది.
పళ్ళెంలో తమలపాకు వాడింది.
ఎవరికి ముందు చాపాలో తెలీక
అడపం పట్టే కుర్రోడు ఏడుపుమొహం పెట్టాడు.
వాళ్ళొచ్చింది ఉప్పుకొఠార్ల సుంకం గురించంట.
ఉప్పు మాటే రాలా.

పొద్దుగూకి, నిలబడే సెలవు తీసుకున్నారు.
సావిడి గుమ్మం ఒకటే, ఇరుకు.
ఇద్దరూ ఒక్కసారే అడుగేసి
పక్కవాటుగా, ఒరుసుకుంటా దాటారు
ఏటిగట్టు మీద ఎండ్రకాయల్లా.

రాత్రి తివాచీ చుట్టబోతే
దాని మీద రెండు జతల పాదాల తడి,
పొద్దుటి నించీ నిలబడిన చెమట.
దీపం దగ్గరికి తెచ్చి, వంగి, వేళ్ళతో కొలిచా.
ఒకటి ముందుంది. వెంట్రుకవాసి.

ఎవరిదో చెప్పను.
రెండు నాణేలూ ఇంకా నా మొలలోనే ఉన్నాయి.