యాభై లేబుళ్లు

పాలమూరు గడియారం చౌరస్తా వెనక గల్లీల
ఇరవై రెండేండ్ల సంది
జనాల పేర్లు అచ్చు కొడుతున్న.
పెండ్లి కార్డులు, దినాల కార్డులు,
ఆ రెంటి నడుమ
దుకాణాలు పుట్టుడు, దుకాణాలు సచ్చుడు.

ఏ యాపారం బతుకుతదో
మిషిన్ తిప్పకముందే చెప్తనని
నాకొక గర్వం.

షాద్‌నగర్ దిక్కు నుంచి ఒకాయన వచ్చిండు,
కారప్పొడికి పదివేల లేబుళ్లు.
సింహం బొమ్మ, బంగారు అంచు,
కింద పెద్దక్షరాలతో ఎగుమతి రకం.
మిరపకాయలు ఏడికెల్లి తెస్తవన్నా అంటే
అది తర్వాత, ముందుగాల
సింహం మీసాలు సక్కజెయ్ అన్నడు.
సగం పైసలిచ్చి పోయినోడు మళ్ల రాలే.
ఆ సింహాలు ఇంకా నా అటుక మీదున్నయి.
వాటి వెనక తెల్లగుంటది గదా,
లెక్కలు రాసుకుంట.

ఈదమ్మ యాభై చాలన్నది.
దేవరకద్ర అవతల ఊరు, పల్లినూనె గానుగ.
యాభైకి ప్లేటు ఖర్చు గూడ ఎల్లదమ్మా,
వెయ్యి కొట్టించుకో, అగ్గువ పడతదన్న.
"వెయ్యి సీసలకు నూనేది బిడ్డా?
ఆలు లేదు సూలు లేదన్నట్టు..."
అని సామెత సగంల ఆపి
కొంగు ముడి ఇప్పింది.

బొమ్మేం పెట్టాలె? నీ ఫోటోనా?
"నా మొకం తాలింపులెయ్యరు గదా.
ఈడ ఇంత జాగ ఖాళీ ఇడువు.
ఎవరి చేన్ల పల్లి, ఏనాడు ఆడిచ్చినం,
నా కోడలు పెన్నుతోని రాస్తది."

పోయినంక నవ్వుకున్న.
ఆర్నెల్లు, ఎక్కువల ఎక్కువ.

మూడో నెల పరుగున వచ్చింది.
న్యూటౌన్ల ఓ కిరాణకొట్టోడు
పన్నెండు సీసలు వాపసిచ్చిండట,
అడుగున మడ్డి ఉన్నదని.
వడగట్టిన నూనె అని కొడ్దామా అన్న.
ఆమె చెప్పింది, నేను రాసుకున్న:
"అడుగున మడ్డి ఉంటది.
రెండు దినాలు కదిలియ్యకురి.
నచ్చకుంటే సీస తిరిగియ్యురి."

ఎవరన్న తన తప్పు తానే అచ్చేయించుకుంటరా?
"నేను చెప్తే గిరాకి.
ఆళ్లంతట ఆళ్లు కనిపెడ్తే
సాక్షి."

ఆ మాట నా చెవిల పడ్డది గని
లోపటికి దిగలే అప్పుడు.

వానలు మోసం చేసిన యేడు
పల్లికి బూజొచ్చింది.
పామాయిలు కలిపితే ఎవరికి ఎరుక అని
ఆమె మరిదే అన్నడట.
నాలుగు నెలలు ఒక్క సీస ఎల్లలే.
ఊరోళ్ల కుసుమలు కూలికి ఆడిచ్చి
గానుగకు ఆకలి తీర్చింది.
పాత బాకీ నూట ఎనభై
బస్సెక్కి వచ్చి నా బల్ల మీద పెట్టి,
నీళ్లు తాగి పోయింది.
ఆర్డరు లేదు. మాటల్లేవు.
గిలాస కడిగి బోర్లిచ్చింది.

మళ్ల యేడాదికి అడిగింది,
రెండో గానుగ పెడ్తున్న,
లాగోడి తక్కువ పడ్డది,
"ముప్పై వేలు పెడ్తవా?
మిత్తి గాదు, వాటా."

ఇరవై రెండేండ్లు ఇదే చూసినోన్ని.
జూద్దాం తీయమ్మా అన్న.
ఆ ముప్పై వేలు
జడ్చర్ల రోడ్డుల ప్లాటుకు బయానా కట్టిన.
ఇప్పుడాడ హద్దురాళ్లున్నయి,
వాటి సుట్టు తుమ్మచెట్లున్నయి,
పత్రాల మీద నాతోపాటు
ఇంకిద్దరి పేర్లున్నయి.

ఈదమ్మ ఈసారి మూడువేలన్నది.
ఖాళీ జాగ అట్లనే ఉండాలన్నది.
నేనొకసారి అనిన,
రాసుడెందుకు, తారీకు ముద్ర కొట్టే మిషిన్ వచ్చిందని.
"కోడలు రాసేటప్పుడు
ఆ రైతు పేరు నోటితోని అంటది.
ముద్ర అనదు గదా."

రాత్రి షట్టరు సగం దించి
అటుక మీది సింహాన్ని ఒకదాన్ని తీసి తిరగేస్త.
ముప్పై వేలు, నాలుగేండ్లు, రెండో గానుగల వాటా...
పెన్సిలు ఒక కాడ ఆగుతది.

బల్ల మీద ఆమె ఇచ్చిపోయిన సీస.
మబ్బుగున్నది ఇంకా.
ముట్టుకోను.
రెండు దినాలు.