నీళ్ళు చల్లి చూడటం

చీమకుర్తి పాలిషింగ్ షెడ్డులో నా పని
రాతి మీద నీళ్ళు చల్లడం, వొంగి చూడడం.
పొడిగా ఉన్నప్పుడు ప్రతి పలకా నున్ననే.
తడి ఆరేటప్పుడు మాత్రం
జుట్టు పగులొక్కటి ఆరకుండా గీతలా నిలబడుద్ది.

తమ్ముడు మాలకొండయ్య క్వారీలో డ్రిల్లరు.
నడుం పట్టేసిన రోజు మందుల షాపాయన
చీటీ అడక్కుండానే ఇచ్చాడు బిళ్ళ.
తెల్లారి పనిలోకి పోయాడు. సంతోషపడ్డాను, దాచను.
ఏడాదికి రోజుకో షీటు, మూడో ఏటికి రెండు.
నొప్పి ఎప్పుడో పోయింది, బిళ్ళే మిగిలిందనుకున్నా.

ఇంట్లోనే మానతానని ఒకసారి తలుపేసుకున్నాడు.
ముక్కూ కళ్ళూ కారి, కడుపులో మెతుకు నిలవక,
రోహిణీ ఎండలో దుప్పటి అడిగాడు.
మూడోనాడు నేనే పోయి షీటు కొనుక్కొచ్చా.
అదీ దాచను.

బైపాసు పక్కన ఒక సెంటరు.
గోడమీది ముళ్ళకంచె లోపలికి వొంగి ఉంది.
'పది రోజులు, గ్యారంటీ. మీరు రాగూడదు, ఫోన్లుండవు.'
నీళ్ళు చల్లాను:
రాత్రి రెండింటికి ఫిట్సొస్తే ఎవరు చూస్తారయ్యా?
ఆయన వాచ్‌మన్ వంక చూశాడు.
వాచ్‌మన్ నేల వంక చూశాడు.

దర్శి దగ్గర పసరు పోసే ఆయన మంచోడే,
డబ్బులు కూడా అడగలా.
సీసాలో ఏముందంటే మాత్రం తాతలనాటి రహస్యమన్నాడు.
తెలియని బిళ్ళతోనే గదా ఇంత దూరం వచ్చింది.

ఒంగోలు పెద్దాసుపత్రిలో మధ్యాహ్నం దాకా వరస.
కుంటిబెంచీ కింద ఎవరో ఇటుక పెట్టారు.
డాక్టరమ్మ గ్యారంటీ అనలా. ఆమే అడగటం మొదలెట్టింది:
ఎన్ని, ఎన్నేళ్ళు, తాగుడుందా, నిద్రబిళ్ళలున్నాయా,
ఎప్పుడన్నా చచ్చిపోదామనిపించిందా?
దానికి వాడు నా వంక చూడకుండా తలూపాడు.
నా పనే ఆమె చేస్తంది, నా ఎదురుగా.

'వేరే మందిచ్చి మెల్లగా దించుతాం. రాత్రిళ్ళు డాక్టరుంటాడు.
ఇంటికి పోయాక కూడా నెలల తరబడి రావాలి.
ఇంకో మాటమ్మా. మానిన వొంటికి పాత లెక్క ప్రాణం తీస్తది.
మళ్ళీ జారితే తిట్టబాక, తీసుకురా.'

'నయమవుద్దా?' అన్నా.
'చూద్దాం' అంది.
తిరిగిన గేట్లన్నిట్లో
పగులు దాచుకోని మాట అదొక్కటే.

వార్డులో నర్సు దీనమ్మ బీపీ పట్టీ చుడతా,
'నడుం ఇంకా నొప్పిగుందా?' అని అడిగింది.
మూడేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలా.
నేను కూడా.

'ఉందక్కా' అన్నాడు.
ఆమెతో కాదు.