ఏడు లెక్కపెట్టు

మిల్వాకీ, నవంబరు. రేడియేటరు బుసకొడుతోంది.
చివరి వరుసలో, కాలు ఊగే కుర్చీలో నేను.
ముప్ఫై ఒక్క ఏళ్ళ సుద్దపొడి నా గోళ్ళ కింద.

యూనివర్సిటీ ఏటా ఒకరిని పంపుతుంది నా గదికి.
ఈసారి బ్రెనా కోవాల్చిక్.
పద్నాలుగు గడుల మదింపు పత్రం,
మడత నలగని చొక్కా.
పాఠం నోటికొచ్చేసింది,
పిల్లల పేర్లే ఇంకా రాలేదు.

మూడో వంతు పెద్దదా, నాలుగో వంతా?
అడిగింది. ఊపిరి తీసుకోకుండా తనే చెప్పేసింది.
అరగంటలో పదకొండు ప్రశ్నలు,
పదకొండు జవాబులూ తనవే.

చీటీ రాసిచ్చాను:
అడిగాక ఏడు లెక్కపెట్టు.

మర్నాడు అడిగి, ఆగింది.
మూడు. బయట బస్సు కీచుమంటూ నిలిచింది.
నాలుగు. ఆమె మెడ ఎర్రబడింది.
ఐదు. చెప్పేద్దామా అని నా నాలుకే దురదపెట్టింది.
ఆరు.
సెప్టెంబరు నుంచీ కిటికీకే అప్పగించిన మొహాన్ని
టేవియన్ ఇటు తిప్పాడు.

"అమ్మ కార్న్‌బ్రెడ్ చేస్తే మాకు మూడు ముక్కలు, మిస్.
అన్నయ్య వస్తే నాలుగు. చిన్నవైపోతాయి.
అయినా సరే, రానీ."

సాయంత్రం పత్రం ముందేసుకున్నాను.
పద్నాలుగింటిలో ఆగడానికి గడి లేదు.
అంచున రాశాను: ఆరు దాకా ఆగింది.
దాని కింద,
కుర్చీ సంగతి కూడా.